దూరదేశపు కన్ను, మన చందా

చెన్నపురిలో వకీళ్ల గదులకును, వైద్యుల యిండ్లకును, కంపెనీ కార్యాలయములకును చందా పుస్తకములు పట్టుకొని వచ్చువారికి కొదువ లేదు. వరదబాధితులకు, గ్రంథాలయములకు, అన్నసత్రములకు, దేవాలయ జీర్ణోద్ధరణములకు ఇచటి తెలుగువారు యథాశక్తి వ్రాయుచునే యున్నారు. కాని విదేశమున నేత్రవైద్యము చేయు క్రైస్తవసంఘ మొకదానికై ఎవరైన వచ్చి అడిగినచో పుస్తకము తెరువకముందే రెండు ప్రశ్నలు బయలుదేరును. మన గ్రుడ్డివారు మనకు చాలరా, పరదేశీయుల కన్నులతో మనకేమి పని యనునది మొదటిది. కంటికి కట్టు కట్టు నెపమున మతమును గూడ అంటగట్టుదురేమో యనునది రెండవది. ఇవి త్రోసివేయదగిన ప్రశ్నలు కావు. సొమ్ము అడుగువారే వీనికి సమాధానము చెప్పవలసినవారు. అయినను ఈ విషయమున మన తెలుగుదేశపు చరిత్ర కొంత కలదు గనుక, దానిని పాఠకులకు జ్ఞప్తిచేయుట మా విధియని తలంతుము.

మనమును ఒకనాడు ఒకరికి పరదేశీయులమే. శ్రీకాకుళము జిల్లాకు ఉత్తరపు కొసను, ఇచ్ఛాపురమునకు ఈవల, సోంపేట యను ఊరు కలదు. 1936లో ఒరిస్సా ఏర్పడు వరకు అది గంజాము జిల్లాలోనిది. ఆ యేట గీత గీసినపుడు బరంపురము ఆవలకును సోంపేట ఈవలకును పోయినవి. తెలుగువారు మాత్రము గీత కిరుప్రక్కల మిగిలిరి. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడయందును, 1875లో భీమునిపట్టణమందును తమ పని నారంభించిరి. అటుపిమ్మట వారు ఉత్తరపు తాలూకాలకు వ్యాపించి సోంపేటలో నొక వైద్యశాలను నడపిరి. దానికి ఆరోగ్యవరమని పేరు. మదనపల్లె చెంతనున్న క్షయ చికిత్సాలయమునకును ఇదే పేరగుటచే పలువురు పొరబడుచుందురు. సోంపేట ఆరోగ్యవరము కంటివైద్యమునకు పేరువడసినది. డాక్టరు బెన్ గల్లిసన్ అచట కెనడానుండి వచ్చి పనిచేసిన వైద్యుడు.

నేటి శుక్లచికిత్సను చూచినవారికి ఆనాటి చికిత్స యెంత శ్రమతో కూడినదో ఊహకు రాదు. కంటిలోని మసకబారిన కటకమును పొరతో సహా వెలికి తీసెడివారు. రోగి కన్నులకు కట్టుతో దినముల తరబడి తల కదల్పక పడియుండవలెను. కట్టు విప్పిన పిమ్మట దళసరి గాజుల కళ్లజోడు లేనిదే ఆ కంటికి వస్తువులు స్పష్టముగ గోచరింపవు. జోడు పగిలినచో మరల మసకయే. కావున ఒక కంటికగు ఖర్చనగా కత్తికగు ఖర్చు మాత్రమే కాదు. రోగి మంచము, కూడు, చేయి పట్టుకొని తెచ్చిన మనుమనికి గింజలు, వాడు కోల్పోయిన కూలి, కడపట ఆ కళ్లజోడు, ఇవన్నియు దానిలోనివే. ఉద్దానపు కొబ్బరితోటల కూలివానికి ఇవి మోయరాని బరువులు.

1963లో, కెనడా పశ్చిమభాగమందలి కాల్గరీ నగరమున, ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారి డాక్టరు గల్లిసన్ ప్రసంగమును వినెను. శస్త్రచికిత్సచే చూపు రాదగినవారు కేవలము సొమ్ము లేమిచే అంధులై యున్నారను మాట ఆయన మనసున నాటుకొనెను. ఆయన పూనికతో అచట నొక సంఘమేర్పడెను. అదియే నేటి ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్. కాల్గరీలో చందా వ్రాసినవారిలో ఎందరికి సోంపేట యే దిక్కున నున్నదో తెలిసియుండును? వారి నగరమునను బీదలుండిరి, కన్ను కానరానివారు నుండిరి. మన గ్రుడ్డివారు మనకు చాలరా యని వారును అడిగియుండవచ్చును. అడిగి యూరకుండినచో నష్టపోయెడివారు మనవారే.

ఆ సంఘము సోంపేటతో ఆగలేదు. ఇప్పుడది ఘానా, కెన్యా, జాంబియా మున్నగు ఆఫ్రికాదేశములలోను పనిచేయుచున్నది. మిషను వైద్యుని ప్రసంగమున పుట్టినదే యైనను నేడది మతముతో నిమిత్తము లేని ధర్మసంస్థగా నడచుచున్నది. ఇట్టి మార్పు చందాదారుల యెడ అపచారమని మేము తలంపము. చూపు వచ్చిన కంటికి తెచ్చినవాని మతము కనబడదు గదా.

ఇక రెండవ ప్రశ్న. దీనికి సింధుదేశమందలి షికార్‌పూరు కథ తగిన సమాధానము. చర్చి మిషనరీ సొసైటీ యనగా మనవారికి మచిలీబందరు నోబిల్ కళాశాల జ్ఞప్తికి వచ్చును. ఆ సొసైటీ తరపుననే హెన్రీ హాలండు అను డాక్టరు 1900లో బెలూచిస్థానమందలి క్వెట్టాకు వచ్చెను. ఆ యెడారి ప్రాంతమున ధూళియు ఎండయు కన్నులకు శత్రువులు. ఆయన హస్తవాసిని వినిన హీరానంద్ అను హిందూ శ్రేష్ఠి, 1910 ప్రాంతమున, ఏటేట చలికాలమున షికార్‌పూరునకు వచ్చి కన్నులకు చికిత్స చేయుమని ఆయనను ఆహ్వానించి, అందులకు వసతి కల్పించెను. డాక్టరు తన మతబోధను దాచుకొన్నవాడు కాడు. శ్రేష్ఠి తన మతమును విడిచినవాడును కాడు. ఒకరి సంగతి యొకరు ఎరిగియే కలిసి పనిచేసిరి. కొన్ని వారములే సాగు ఆ శిబిరమునకు జనము వెల్లువవలె వచ్చెడివారు. ఇంగ్లండు, అమెరికాలనుండి శస్త్రవైద్యులు గూడ తమ ఖర్చుతో వచ్చి, స్వదేశమున సంవత్సరములలో దొరకని అనుభవము నిచట వారములలో సంపాదించుకొని పోయెడివారు. నేర్చినవారు నేర్పినవారికంటె ఎక్కువ లాభము పొందిరేమో యని మా అనుమానము.

1935 మే 31వ తేది భూకంపమున క్వెట్టా నేలమట్టమయ్యెను. మృతులు ముప్పదివేలని సాధారణముగ చెప్పుదురు. మిషను ఆసుపత్రియు కూలెను. శిథిలములనుండి ప్రాణములతో బయటపడిన హాలండు అప్పటికి అరువదేండ్లవాడు. ఆయన మరల జోలె పట్టి, సొమ్ము కూర్చి, ఆసుపత్రిని తిరిగి కట్టించెను. 1960లో ఆయనకును ఆయన కుమారుడు రొనాల్డునకును మెగసెసే బహుమానము లభించెను.

హీరానంద్ చేసిన పని మన మార్గమునకు ఆనవాలు. మిషనువాడు తన విశ్వాసమును చెప్పుకొనుటను మన మాపజాలము, ఆప బనిలేదు. కాని చికిత్సకు ప్రార్థన షరతు కారాదు. వరుసలో ముందు నిలుచుటకు మతము టిక్కెట్టు కారాదు. దీనిని చందా వ్రాయుటకు ముందే సూటిగ అడుగవలెను. సూటియైన జవాబు రానిచో పుస్తకమును మర్యాదగ తిరిగి యిచ్చివేయవచ్చును. అడుగక సంశయించి, సంశయమును ఔదార్యలోపమునకు ముసుగుగ వాడుకొనుట మాత్రము మాకు నచ్చదు.

ఇపుడు అక్కర యెక్కడ నున్నది? పదిలక్షల జనాభాకు కంటివైద్యులు ఇద్దరో ముగ్గురో గల దేశములు ఆఫ్రికాలో పెక్కులు. వైద్యుడు లేనిచోట సూదివాడు ప్రవేశించును. కంటిలో సూదిని గ్రుచ్చి, మసకబారిన కటకమును లోపలికి క్రుంగద్రోయు పద్ధతిని సుశ్రుతుడే వర్ణించెను. మన పల్లెలలోను దేశాటనము చేయు కంటివైద్యులు దానిని చేసెడివారు. ఆ క్షణమున వెలుతురు కనబడును, రోగి సంతసించి సొమ్మిచ్చును, సూదివాడు ఊరు దాటును, పిమ్మట కన్ను చెడును. నైజీరియాలో 2005–07 నడుమ జరిగిన దేశవ్యాప్త పరీక్షలో, శుక్లమునకు చేయబడిన చికిత్సలలో నూటికి నలువదికి పైగా ఈ సూదిపనులే యని తేలినది. వారిది మూఢత్వమని నవ్వుటకు మన కధికారము లేదు. ఆసుపత్రి దాపున నున్నచో ఎవడును సూదివానికొరకు వెదకడు.

ఇట్టి దేశములలో పనిచేయు క్రైస్తవసంఘములు కొన్ని కలవు. 1908లో తురుష్క సామ్రాజ్యమునకు పోయి అంధుల కొరకు పాటుపడిన జర్మను పాదిరి ఎర్నెస్ట్ క్రిస్టోఫెల్ పనినుండి పెరిగిన సంఘ మొకటి. ఓడనే ఆసుపత్రిగ మార్చి ఆఫ్రికా రేవులలో నిలిపి శుక్లములు తీయు మెర్సీ షిప్స్ మరియొకటి. ఏ సంఘమైనను, ఏ పేరుతో వచ్చినను, మన వృత్తులవారు దానిని తమ వృత్తిబుద్ధితోనే పరిశీలింపవలెను. చేసిన శస్త్రచికిత్సల సంఖ్య యొక్కటియే చూపినచో తృప్తిపడరాదు. కోసిన కన్నులన్నియు చూచు కన్నులు కావు. చికిత్స జరిగిన కన్నులలో నూటికి ఎనుబదియైనను దృష్టిపటముపై 6/18 కొలత నందుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమము. ఆ లెక్క ఉంచుచున్నారా? అచటి యువకులకు పని నేర్పుచున్నారా, లేక అతిథివైద్యుడు ఓడయెక్కినతోడనే తలుపులు మూయబడుచున్నవా?

వేలూరు పాఠకులు షెల్ ఆసుపత్రి నెరుగుదురు. ఐడా స్కడ్డరు, వైద్యవిద్య ముగించి భారతదేశమునకు మరలి రాకముందు, న్యూయార్కులో స్త్రీల ఆసుపత్రికై విరాళము నర్థించినపుడు, షెల్ అను ధనికుడు మృతురాలైన తన భార్య పేర పదివేల డాలర్లిచ్చెను. 1902లో కట్టడము లేచెను. తరువాత అదియే క్రైస్తవ వైద్యకళాశాలకు నేత్రచికిత్సాలయమయ్యెను. ఒక్కని సొమ్ము గోడలను లేపగలదు. కాని ఆ గోడలలో నూరేండ్లకు పైబడి పని సాగుటకు ఇచటివారే వైద్యులై, దాదులై తయారగుట కారణము.

ధనమొక్కటియే అడుగుట మా ఉద్దేశము కాదు. విదేశసంస్థకు నేరుగ పంపు సొమ్మునకు ఆదాయపుపన్నులో మినహాయింపు సాధారణముగ లభింపదని మన ఆడిటర్లే చెప్పుదురు. కాని మధురలో 1992లో నెలకొన్న ఆరోలాబ్ సంస్థ కంటిలో నమర్చు కృత్రిమ కటకములను స్వల్పవ్యయముతో చేసి నూటికి పైగా దేశములకు పంపుచున్నది. ఒకప్పుడు పడమటిదేశముల వెలకు కొనలేక బీదవానికి దళసరి గాజులే గతియైన వస్తువు ఇప్పుడు మన పొరుగుననే తయారగుచున్నది. కటకముల పెట్టె నొకదానిని కొని పంపుట ఒక పద్ధతి. మన వైద్యులు నెలదినముల సెలవుపై పోయి పని నేర్పి వచ్చుట ఇంకొకటి. పద్దులు తెలిసినవారు ఏటి కొక మారు లెక్క చదివి చందాదారులకు నివేదించుటయు తక్కువ సేవ కాదు.

ఇట్టి పుస్తకము మీ బల్లమీదికి వచ్చినపుడు, పేరు, తేది, మొత్తము అను మూడు గడుల ప్రక్కన నాల్గవ గడి నొకదానిని గీయించుడు. కట్టు విప్పిన ఆరు వారములకు ఎందరు చూచుచున్నారో, ఆ అంకె మరుసటి యేట అందులో నింపబడవలెను.