తడి ఎప్పుడు పట్టు ఇస్తుంది, ఎప్పుడు జారుస్తుంది

బ్యాంకులో క్యాషియరు కొత్త నోట్ల కట్ట లెక్కపెట్టే ముందు పక్కనున్న తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటారు. పొడివేలి కింద జారిపోయే నోటు తడివేలికి అంటుకుని వస్తుంది. అదే మనిషి ఇంటికి వెళ్లి స్నానాలగదిలోకి అడుగు పెట్టేటప్పుడు గోడ పట్టుకుని నడుస్తారు. నీళ్లు ఒకచోట పట్టు పెంచాయి, ఇంకోచోట ఉన్న పట్టు తీసేశాయి. తడి ఉంటే జారుతుందని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట సగమే నిజం. రెండు వస్తువుల మధ్య నీరు ఎంత ఉంది, పక్కకు పోవడానికి దానికి దారి ఉందా, పోయేంత సమయం దొరికిందా అన్నవి చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

ముందు వేలి సంగతి చూద్దాం. చర్మం పైపొర మృతకణాలతో తయారైంది. ఎండిపోయి ఉన్నప్పుడు అది గట్టిగా ఉంటుంది. వేలిముద్ర గీతల శిఖరాలు మాత్రమే నోటును తాకుతాయి, అవీ అక్కడక్కడే. కాస్త తడి తగిలితే ఆ పొర మెత్తబడి కాగితం మీది ఎగుడుదిగుడుల్లోకి ఒదిగిపోతుంది. నిజంగా తాకే చోటు పెరిగింది కాబట్టి ఘర్షణ పెరుగుతుంది. దీనికి తోడు సన్నటి సందుల్లో నిలిచిన నీరు తలతన్యత వల్ల రెండు వైపులనూ దగ్గరకు లాగుతుంది. గడ్డపార ఎత్తే ముందు కూలీలు అరచేతుల్లో ఉమ్మి రుద్దుకోవడం మోటు అలవాటులా కనిపిస్తుంది గానీ అందులో ఉన్నది ఈ సూత్రమే. చెమట ధారగా కారడం మొదలైతే ఆ పట్టు పోతుంది. అప్పుడు తువ్వాలుతో చేయి తుడుచుకోవాల్సిందే. గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నానబెట్టడం వేరే సంగతి. అక్కడ చెక్క ఉబ్బి ఇనుమును లోపలి నుంచి నొక్కుతుంది. నొక్కుడు పెరిగితే ఘర్షణా పెరుగుతుంది.

ఇసుకలో ఈ కొలత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సముద్రపు ఒడ్డున పొడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి, అల వచ్చి వెళ్లిన గట్టి చారల మీద హాయిగా నడవొచ్చు. రేణువుల మధ్య నీరు సన్నటి వంతెనల్లా నిలిచి వాటిని ఒకదానికొకటి బిగించి పెడుతుంది. ఈజిప్టులో సుమారు 3,900 ఏళ్ల కిందటి జెహుతిహోతెప్ సమాధి గోడ మీద ఒక చిత్రం ఉండేది. పెద్ద విగ్రహాన్ని చెక్కబండి మీద ఎక్కించి జనం తాళ్లతో లాగుతుంటారు. బండి ముందు భాగంలో నిలబడ్డ ఒక మనిషి దాని ముందున్న ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. అది పూజా విధి అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాన్ బృందం చిన్న బండితో ప్రయోగం చేసి చూసింది. పొడి ఇసుకలో బండి ముందు ఇసుక కుప్పగా పేరుకుని అడ్డుపడుతుంది. సరిపడా తడిపితే ఇసుక గట్టిపడి ఆ కుప్ప లేవదు, లాగే బలం సుమారు సగానికి తగ్గుతుంది. నీళ్లు ఎక్కువైతే ఆ లాభం పోతుంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. నీరు ఇసుక రేణువుల మధ్య పట్టు పెంచింది, అందువల్లే పైనున్న బండి తేలిగ్గా జారింది.

ఇక జారుడు. నీటి చిక్కదనం చాలా తక్కువ, ఇంజిన్ ఆయిల్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు పలచన. అందుకే రెండు గరుకు వస్తువుల మధ్య పెట్టి నెమ్మదిగా నొక్కితే ఇట్టే పక్కకు పోతుంది. పాలిష్ చేసిన గ్రానైటు మీద నున్నటి చెప్పు పడినప్పుడు నీటికి పోయే దారి ఉండదు. మడమ నేలను తాకి శరీరం బరువు దాని మీదకు వచ్చేది సెకనులో చిన్న భాగంలో. ఆ కాస్త సమయంలో నీరు బయటికి పోలేకపోతే మడమ నేలను తాకనే తాకదు, నీటి పొర మీద నిలబడుతుంది. సబ్బు నీళ్లయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. సబ్బు అణువులు నేలకూ పాదానికీ అతుక్కుని నున్నటి పూత వేస్తాయి, నీరు పోయినా ఆ పూత పోదు. బావి గట్టు మీద, చెరువు మెట్ల మీద పట్టే పాచిలోని జిగురు కూడా నీళ్లలా పక్కకు తప్పుకోదు.

ఇల్లు కట్టుకునేవాళ్లు హాలుకు తెచ్చిన మెరిసే రాయినే స్నానాలగదికీ, బయటి మెట్లకూ వేయిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. వయసు మళ్లినవాళ్లకు ఒక్కసారి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం తప్పకపోవచ్చు. గరుకు టైలు వేస్తే ఎత్తుపల్లాల మధ్య నీటికి దారి దొరుకుతుంది, పాదం ఎత్తుల మీద ఆనుతుంది. మురికి త్వరగా పడుతుందనీ, తోమడం కష్టమనీ కొందరు వద్దంటారు. ఆ కష్టం పడటమే మేలని నా అభిప్రాయం.

టైరు మీద గాట్లు చేసే పనీ ఇదే, నీటికి దారి ఇవ్వడం. ఎండిన తారురోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.7 అనుకుందాం, తడిస్తే అది 0.4 దాకా పడిపోవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు పట్టుకున్నాక మొదటి లెక్కలో 20 మీటర్లలో ఆగుతుంది, రెండో లెక్కలో 35 మీటర్లు కావాలి. కారు టైరు మీద గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మన మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. గాట్లు అరిగి గుండైన టైరు, రోడ్డు మీద నిలిచిన నీళ్లు, వేగం కలిస్తే చక్రం ముందున్న నీరు పక్కకు పోలేక చీలలా కిందికి దూరి టైరును పైకి లేపేస్తుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. 1960ల్లో నాసా పరిశోధకులు విమాన చక్రాలతో చేసిన ప్రయోగాల నుంచి ఇచ్చిన సూత్రం ప్రకారం, 32 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరుకు ఇది గంటకు 94 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. గాలి 20కి దిగితే 75 దగ్గరే మొదలవుతుంది. వానాకాలంలో టైరులో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న నమ్మకం అందుకే ప్రమాదకరం.

బైకు టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇలా తేలడం అరుదు. దానికి ముప్పు వేరేచోట ఉంది. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా క్రాసింగు తెల్లరంగు, ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి, ఇవన్నీ తొలకరి చినుకులకు జారుడుగా మారతాయి. జోరుగా కురిస్తే ఆ మడ్డి కొట్టుకుపోతుంది. సన్నటి తుంపర మాత్రం దాన్ని కలిపి పరుస్తుంది. రైలు పట్టాల మీద కూడా అంతే, మంచు తడి, చిరుజల్లే చక్రాలను ఎక్కువ జార్చేస్తాయి. అందుకే రైలింజన్లలో ఇసుక పెట్టెలు ఉంటాయి. చక్రం జారినప్పుడు డ్రైవరు పట్టాల మీదకు ఇసుక వదులుతాడు.

ఈ జారుడునే పనికి వాడుకునే యంత్రం మన పొలాల్లోనే ఉంది, కనపడకుండా నేల లోతున. కదిలే రెండు తలాల మధ్య చీలలా దూరిన ద్రవం దానంతట అదే బరువు ఎలా మోస్తుందో 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్కకట్టి చూపాడు. పలచటి నీరు కూడా తగినంత వేగం ఉంటే ఆ పని చేయగలదు. బోరు సబ్‌మెర్సిబుల్ పంపు నిమిషానికి 2,800 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. పంపు లోపలి బుష్‌లకు గ్రీజు ఉండదు, పంపు గుండా పోయే నీరే వాటికి నూనె. నీటితో నింపే రకం మోటారును బోరులోకి దించే ముందు మెకానిక్కు లోపల శుభ్రమైన నీళ్లు పోసి, గాలి లేకుండా చూసి బిరడా బిగిస్తాడు. అడుగున మొత్తం బరువు మోసే బేరింగు ఆ నీటి పొర మీదే తిరుగుతుంది. వేసవిలో బోరు ఎండి పంపు ఉత్తిగా తిరిగితే ముందు పోయేది ఆ పొరే. బుష్‌లు కాగి పట్టేస్తాయి, చల్లబరిచే నీరు లేక మోటారు చుట్ట కాలిపోతుంది. స్టార్టరు పెట్టెలో నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే పరికరం పెట్టించుకోవడం కొత్త మోటారు కొనడం కన్నా, కాలిన చుట్ట మళ్లీ కట్టించడం కన్నా చాలా చౌక.