'ఎక్స్' అంటే ఎక్సెల్‌లో ఒక గడి!

ఖతార్‌లో తొలి చమురుబావి తవ్విన ఊరు దుఖాన్. ఇక్కడి మనవాళ్లలో పదో తరగతి లెక్కల దగ్గర చదువు ఆగిపోయినవాళ్లున్నారు. టెన్త్ పాసైతే పాస్‌పోర్టుకి ఈసీఆర్ బెడద ఉండదు కదా! అందుకే శుక్రవారాలు కొందరికి లెక్కలు చెబుతున్నాను.

బీజగణితంలో 'ఎక్స్' అనగానే జంకుతారు. అప్పుడు ఎక్సెల్ తెరిచి, ఏ1 గడిలో ఓవర్‌టైం గంటలు వేయమంటాను. పక్క గడిలో =ఏ1*12+1500 అని రాస్తే నెలజీతం వస్తుంది. గంటలు మారిస్తే జీతమూ మారుతుంది. ఆ ఏ1 గడే 'ఎక్స్'! మరి 1,800 రియాళ్లు రావాలంటే? 300ని 12తో భాగించి, 25 గంటలని వాళ్లే చెప్పేస్తారు. సమీకరణం సాధించడమంటే అదే.

మూలమట్టం సరిచూడ్డానికి 3, 4, 5 అడుగులు కొలిచే మేస్త్రీకి పైథాగరస్ పేరే కొత్త, లెక్క కాదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతికి గరిష్ఠ వయోపరిమితి లేదు. 5 ఏళ్లలో 9 అవకాశాలు. ఇంకేం, మొదలుపెట్టండి మరి!