చిత్తుకాగితాల సాక్ష్యం

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయినదని దశాబ్దాలపాటు గ్రంథాలలోను, వ్యాసాలలోను వ్రాస్తూ వచ్చినారు. ఒకరు వ్రాసినదానిని చూచి మరియొకరు వ్రాసినారు. పత్రికారచయిత రెంటాల జయదేవ పాత పత్రికలలోని ప్రకటనలను, సెన్సారు దాఖలాలను ఓపికతో వెదకి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న బొంబాయిలో అనుమతి లభించినదని, ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా సినిమా థియేటరులో అది తొలిసారి విడుదలయినదని చూపిన తరువాతగాని ఆ పొరపాటు బయటపడలేదు.

ఇంచుమించు అయిదు నెలల తేడాకు ఇంత పట్టింపు ఎందుకని కొందరికి తోచవచ్చు. 'భక్త ప్రహ్లాద' దర్శకుడు హెచ్. ఎం. రెడ్డియే 'కాళిదాస్' చిత్రానికీ దర్శకుడు. తమిళంతోపాటు తెలుగు కూడా వినిపించిన ఆ చిత్రం 1931 అక్టోబరు 31న వెలువడినది. పాత లెక్క ప్రకారం ప్రహ్లాదుడు ముందు, కాళిదాసు తరువాత. కొత్త లెక్కతో వరుస తలక్రిందులైనది. దక్షిణాది టాకీ తొలి అడుగుల కథ అంతా దానితో మారినది. ఇందులో వారం కూడా ఒక చిన్న సాక్షియే. 1931 సెప్టెంబరు 15 మంగళవారం. 'ఆలం ఆరా' వెలువడిన 1931 మార్చి 14, 'కాళిదాస్' వెలువడిన అక్టోబరు 31, ప్రహ్లాదుడు తెరకెక్కిన 1932 ఫిబ్రవరి 6, ఈ మూడూ శనివారాలే. వారం ఒక్కటే దేనినీ రుజువు చేయదు గాని, పంచాంగం తిరగవేసిన వారికి అనుమానమైనా కలుగవలసినది.

సురభి కమలాబాయి లీలావతిగా, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా నటించిన ఆ చిత్రం నేడు ఎక్కడా లేదు. చిత్రం లేనప్పుడు చిత్రాన్ని గూర్చి అచ్చయిన కాగితమే దిక్కు. ఆ కాగితం ఆనాడు మరునాటికే చిత్తుకాగితం.

రంగస్థలం విషయం ఇంతకంటె కష్టమైనది. సినిమాకు ఎక్కడైనా ఒక ప్రతి దొరకుతుందేమోనన్న ఆశ అయినా ఉంటుంది. నాటకానికి అదీ లేదు. వీరేశలింగం 1880లో రాజమహేంద్రవరంలో ప్రదర్శనలు ఆరంభించిన నాటినుండి, 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' రంగమెక్కిన నాటినుండి, ఎన్ని వేల రాత్రులు ఎన్ని ఊళ్ళలో తెర లేచినదో చెప్పగలిగినవి కరపత్రాలే. గులాబి, పసుపు, ఆకుపచ్చ రంగుల పలుచని కాగితం. డప్పు వాయించుకుంటూ బండి వీధులు తిరుగుతూంటే పిల్లలు వెంటపడి ఏరుకొన్నది. నాటక గ్రంథంలో లేనిదంతా దానియందున్నది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు ఏ పుస్తకాలయంలోనైనా దొరకుతాయి. కాని కంట్రాక్టు నాటకాల కాలంలో ఒక్క రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా కిరీటం ధరించేవారన్న సంగతి గ్రంథం చెప్పదు. ఏ అంకానికి ఏ కృష్ణుడు, హార్మోనియం ఎవరిది, నేల టిక్కెట్టు ఎంత, స్త్రీలకు వేరుగా చోటు ఉన్నదా అన్నవి కరపత్రం చెప్పవలసినదే. స్థానం నరసింహారావు సత్యభామ ఏయే ఊళ్ళకు నడచి వెళ్ళినదో తెలియాలన్నా ఆ రంగుకాగితాలనే అడగాలి.

అయితే వానికొక అవలక్షణం ఉన్నది. వారం, తేదీ, గంట వేసి సంవత్సరం మాత్రం వదలివేసినవి అనేకం. రేపటి నాటకానికి సంవత్సరంతో ఎవరికి పని? ఒకే తేదీ ఒకే వారంనాడు అయిదు, ఆరు, పదకొండు ఏండ్ల ఎడంలో మళ్ళీ వస్తుంది గనుక, వారాన్నిబట్టి నాలుగయిదు సంవత్సరాలను మాత్రమే ఎంచగలము. అక్కడినుండి తేల్చేది కాగితం అడుగున సన్నని అక్షరాలలో ఉన్న ముద్రణాలయం పేరు. ఆ పేరు అక్కడ ఉండడం ఎవరి ముందుచూపూ కాదు. అచ్చువేసిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ఊరు ఉండాలని 1867 నాటి చట్టం శాసించినది. ప్రజలమీద కన్నువేసి ఉంచడానికి పరప్రభుత్వం చేసిన ఏర్పాటు నాటక చరిత్రకు ఇట్లు ఉపకరించినది!

అదే ప్రభుత్వ దృష్టి స్వాతంత్ర్యానంతరం గ్రంథాలయాలపై ప్రసరించినది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరా వంటి గ్రంథాలయాలకు పంపవలెను. చిన్న పుస్తకం, సంగీతపు పుట, పటం కూడా అందులో చేరినవి. కరపత్రానికి, గోడపత్రానికి అక్కడ చోటు దొరకలేదు. సినిమా హాళ్ళలో అణాలకు అమ్మిన పాటల పుస్తకం చట్టం దృష్టిలో పుస్తకమే; కాని గ్రంథాలయాధికారి దృష్టిలో అది పుస్తకమని అనిపించుకొనడం అరుదు. కథాసంగ్రహం, నటవర్గం, పాటలు అన్నీ ఆ ఎనిమిది పుటలలోనే ఉండేవి. ఇష్టంతో దాచుకొన్నవారు పదేసి పుస్తకాలు కలిపి కుట్టించేవారు. కుట్టేవాడు అందంకోసం అట్టలు చించి పారవేసేవాడు. అట్టతోబాటు చిత్రశాల పేరు, వెనుకనున్న వ్యాపార ప్రకటన పోయేవి. పత్రికల సంపుటాలకూ ఇదే గతి పట్టినది. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల పాత పత్రికలు పదిలంగా ఉండబట్టి గాని, ప్రకటనల పుటలు కూడా లేకపోయినట్లయితే నేడు వెదకేవారికి ఏమీ మిగిలేది కాదు.

తమిళదేశంలో ఈ పని ఒక వ్యక్తి చేసినాడు. కారైకుడి దగ్గరి కొట్టయూరు నివాసి రోజా ముత్తయ్య చెట్టియారు పుస్తకాలతోపాటు నాటక నోటీసులను, పాటల పుస్తకాలను, పెండ్లి శుభలేఖలను సైతం చేరదీసినాడు. 1992లో ఆయన మరణించిన తరువాత ఆ సేకరణ చీలిపోకుండా చికాగో విశ్వవిద్యాలయం 1994లో దానిని కొని, చెన్నపట్నంలోనే పరిశోధన గ్రంథాలయంగా నిలిపినది. అమెరికా తరలించకపోవడం ఎంత మంచిపనియో, విడదీయకపోవడం అంతకంటె మంచిపని. తెలుగునాట ఇటువంటి కట్టలు అటకలమీద ఉన్నవి. ఇంటి పెద్ద పోగానే తూకానికి పోతున్నవి, లేదా విడివిడిగా ఒక్కొక్కటి అమ్ముడుపోయి నలుదిక్కులా చెదరిపోతున్నవి. ఒక ఊరిలో పదేండ్లపాటు ఆడిన నాటకాల వరుస తెలిపే కట్ట ఒకసారి చెదిరితే మళ్ళీ దానిని కూర్చడం అసాధ్యం.

కరపత్రపు కాగితం కొయ్యగుజ్జుతో చేసినది. దానిలోని ఆమ్లం దానినే తినివేస్తుంది. నలుబది ఏండ్లకే అంచులు పొట్టువలె రాలుతాయి. చిరుగులకు సెలోఫేను టేపు అంటించినవారు మేలు చేసినామనుకొంటారు గాని, ఆ జిగురు గోధుమరంగు మరకగా దిగి అక్షరాలను మింగుతుంది. లామినేషను చేయిస్తే మరి విప్పడానికి వీలుండదు. తుప్పుపట్టిన గుండుసూదులు తీసివేసి, ఆమ్లం లేని కవరులో ఒక్కొక్కటిగా ఉంచడం చాలు. ఛాయాచిత్రం తీసేవారు వెనుకవైపును కూడా తీయాలి; పద్దులు, చాకలి లెక్కలు వ్రాసుకొన్న ఆ వైపున అప్పుడప్పుడు సంవత్సరం దొరకుతుంది. కట్ట ఏ ఇంటినుండి, ఏ ఊరినుండి, ఏ వరుసలో వచ్చినదో విప్పడానికి ముందే కవరు మీద వ్రాసుకొనడం అవసరం. పెన్సిలుతోనే వ్రాయాలి, సిరా అయితే తడి తగిలినప్పుడు లోపలి కాగితానికి దిగుతుంది.