చప్పుడు చేయని పలక మీద పగడాల మడుగులోకి



భారతదేశ పటం ముందు పెట్టుకుని కేరళ తీరానికి పడమటి వైపు చూడండి. నీలం రంగు అరేబియా సముద్రంలో కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవే లక్షదీవులు. పేరులో లక్ష ఉన్నా దీవులు 36 అని పుస్తకాల్లో చదువుతాం. అందులో జనం కాపురముండేవి పది. (ఆ 36లో ఒకటి ఏమైందో తరువాత చెబుతాను.) నేలంతా కలిపి కొలిస్తే 32 చదరపు కిలోమీటర్లే. కాని ఈ దీవులను చుట్టిన పగడపు గోడల లోపల నిలిచిన ప్రశాంతమైన నీటి విస్తీర్ణం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు! ఇలాంటి నీటినే లాగూన్ అంటారు.

ఈ దీవుల్లో ఒకదాని పేరు 'బంగారం'. పేరు వినగానే మనకు నగలు గుర్తుకొస్తాయి గాని, అక్కడ ఉన్నది తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, అద్దంలాంటి నీరు. లక్షదీవులకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఊహకు అనుమతి అక్కరలేదు కదా! మోటారు అమర్చిన ఒక పలక మీద నిలబడి, చప్పుడు చేయకుండా ఆ లాగూన్‌లోకి పోయి వద్దాం రండి.

లాగూన్ ఎలా పుట్టింది?

లాగూన్ అంటే సముద్రం నుంచి ఏదో ఒక అడ్డుకట్ట వేరు చేసిన లోతు తక్కువ నీరు. మన పులికాట్ సరస్సు కూడా లాగూనే. అక్కడ శ్రీహరికోట ఇసుక దీవి అడ్డుకట్ట. లక్షదీవుల్లో అడ్డుకట్ట కట్టింది ఇసుక కాదు, పగడపు పురుగులు. వేళ్ల గోరంత ఉండే మెత్తటి ఈ జీవులు సముద్రపు నీటి నుంచి కాల్షియం తీసుకుని సున్నపురాతి గూళ్లు కట్టుకుంటాయి. ఒక తరం గూటి మీద మరో తరం గూడు కడుతుంది. అలా వేల సంవత్సరాలకు గోడ లేస్తుంది.

సముద్రం నడుమ ఈ గోడ గుండ్రంగా, ఉంగరంలా ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు చార్లెస్ డార్విన్. 1842లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఇలా ఊహించాడు: మొదట ఒక అగ్నిపర్వతం సముద్రంలోంచి తల ఎత్తింది. దాని అంచు చుట్టూ పగడాలు గోడ కట్టాయి. పర్వతం మెల్లగా కుంగుతూ పోయింది. పగడాలకు వెలుతురు కావాలి గనుక అవి పైపైకి కట్టుకుంటూ వచ్చాయి. చివరికి పర్వతం మునిగిపోయి ఉంగరం మాత్రం మిగిలింది. 1952లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవిలో లోతుగా రంధ్రం తవ్వినప్పుడు, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి, దాని కింద అగ్నిపర్వతపు రాయి బయటపడ్డాయి. డార్విన్ మాట నిజమని తేలింది.

లక్షదీవుల అడుగున ఉన్న రాతికీ, మనకూ ఒక చుట్టరికం ఉన్నది. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లోనూ, రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలోనూ నల్లటి బసాల్టు రాయి కనిపిస్తుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూగర్భంలోని ఒక వేడి కేంద్రం నుంచి ఉబికిన లావా గడ్డకట్టి ఆ రాయి అయింది. భారత భూభాగం ఉత్తరానికి జరుగుతూ పోతుంటే అదే కేంద్రం తరువాత లక్షదీవులు, మాల్దీవుల కింది శిలలకు కూడా కారణమైందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మన వాహనం

దీన్ని పాడిల్‌బోర్డు అంటారు. మనం తెడ్డుపలక అనుకుందాం. పొడవు 3 మీటర్ల పైచిలుకు, వెడల్పు 80 సెంటీమీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. చాలా పలకలు గాలి నింపేవే. 'గాలి నింపితే బుడగలా ఉబ్బాలి కదా, బల్లలా చదునుగా ఎలా ఉంటుంది?' అని మీరు అడగవచ్చు. లోపల పై పొరకూ కింది పొరకూ మధ్య వేల కొద్దీ దారాలు కుట్టి ఉంటాయి. గాలి ఎంత నెట్టినా పొరలు ఒకదానికొకటి దూరం పోలేవు.

పలక బరువు 10 కిలోగ్రాములు, మోటారు, బ్యాటరీ కలిపి 5, మీరు 50 అనుకుందాం. మొత్తం 65 కిలోగ్రాములు. ఇప్పుడు ఆర్కిమెడిస్ సూత్రం గుర్తు చేసుకోండి. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు సుమారు 1,025 కిలోగ్రాములు తూగుతుంది. కనుక పలక తొలగించే నీరు 65 ÷ 1,025, అంటే సుమారు 0.063 ఘనపు మీటర్లు. పలక అడుగు వైశాల్యం 2 చదరపు మీటర్లయితే అది నీటిలో మునిగేది సుమారు 3 సెంటీమీటర్లే! మీ రెండు వేళ్ల మందం! అందుకే పడవ పోలేని చోటికి ఈ పలక పోగలదు.

మరి తిరగబడదా? నిలబడితే మన గరిమనాభి ఎత్తుకు పోతుంది గనుక కొంచెం ఊగుతుంది. గాలి వీచినప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే గరిమనాభి దిగి పలక కుదుటపడుతుంది. కొల్లేటిలో తాటిదోనె నడిపేవారికి ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

మోటారు లెక్క

పలక వెనక, నీటి అడుగున, పిడికిలంత మోటారు, దానికొక చిన్న రెక్కల చక్రం ఉంటాయి. బ్యాటరీలో 300 వాట్-గంటల శక్తి ఉన్నదనుకోండి. అంటే మీ ఇంటి కరెంటు బిల్లు భాషలో 0.3 యూనిట్. మనిషి నడక వేగం, గంటకు 4 కిలోమీటర్లు, పోవడానికి 150 వాట్లు కావాలనుకుందాం. బ్యాటరీ 2 గంటలు వస్తుంది. 8 కిలోమీటర్లు పోవచ్చు.

వేగం రెట్టింపు చేస్తే? నీటి నిరోధం ఇంచుమించు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు. కావలసిన సామర్థ్యం నిరోధాన్ని వేగంతో గుణించినంత, కనుక ఎనిమిదింతలు, అంటే 1,200 వాట్లు. అప్పుడు బ్యాటరీ పావుగంటకే అయిపోతుంది. పోయిన దూరం 2 కిలోమీటర్లే! తొందరపడినవాడు నాలుగో వంతు దూరంలోనే ఆగిపోతాడన్నమాట.

అందుకే ఒక నియమం. బ్యాటరీలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలినది ఎదురుగాలికో, ప్రవాహానికో. ఆటు సమయంలో లాగూన్ నీరు పగడపు గోడలోని సందుల గుండా జోరుగా బయటికి పోతుంది. ఆ సందుల దగ్గరికి పోకూడదు. చేతిలో తెడ్డు, ఒంటి మీద లైఫ్ జాకెట్, వెంట పెద్దవారు తప్పనిసరి.

చప్పుడు లేకపోతే ఏమిటి లాభం?

పెట్రోలు ఇంజను సిలిండరులో సెకనుకు పదుల కొద్దీ చిన్న చిన్న పేలుళ్లు జరుగుతాయి. విద్యుత్ మోటారులో పేలుళ్లు లేవు. అయస్కాంత బలమే ఇరుసును తిప్పుతుంది. రెక్కల చక్రం మెల్లగా తిరిగినంత సేపూ బుడగల రొద కూడా తక్కువ. బొత్తిగా చప్పుడు లేదని కాదు, చాలా తక్కువని అర్థం.

ఇది మన చెవులకు హాయి. కాని అసలు లాభం చేపలకు! గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. నీటిలో సుమారు 1,500 మీటర్లు. నీటిలో వెలుతురు దూరం పోదు, ధ్వని పోతుంది. కనుక సముద్ర జీవులకు వినికిడే పెద్ద దిక్కు. చేప తలలో చిన్న చెవిరాళ్లుంటాయి. ధ్వనికి నీటితోపాటు చేప శరీరమూ కదులుతుంది. బరువైన రాయి కాస్త వెనకబడుతుంది. ఆ తేడాయే చేపకు 'వినిపించడం'.

ఆరోగ్యంగా ఉన్న పగడపు గట్టు దగ్గర నీటిలో చెవి పెడితే మూకుడులో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు వినిపిస్తాయి. ఒక జాతి రొయ్యలు పంజా టక్కున మూసినప్పుడు పుట్టే బుడగ పగిలే చప్పుడది. సముద్రంలో పుట్టి పెరిగిన చేపపిల్లలు ఈ సందడిని బట్టే ఇల్లు వెతుక్కుంటూ గట్టుకు వస్తాయి. 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఆస్ట్రేలియాలోని లిజర్డ్ దీవి దగ్గర చచ్చిన పగడాల నడుమ ఆరోగ్యవంతమైన గట్టు చప్పుళ్లను సుమారు ఆరు వారాలు వినిపించారు. అక్కడికి చేరిన చేపలు మామూలు చోట్ల కన్న రెట్టింపు!

అదే దీవి దగ్గర చేసి 2016లో ప్రచురించిన మరో ప్రయోగం చూడండి. మోటారు పడవలు తిరుగుతున్నప్పుడు చిన్న చేపలు బెదిరి, శత్రువు మీదికి వచ్చినా తప్పించుకోవడంలో ఆలస్యం చేశాయి. వాటిని తినే చేపకు రెట్టింపు కన్న ఎక్కువ ఆహారం దొరికింది. పడవ ఏ చేపనూ తాకలేదు. చప్పుడే చాలింది.

ఇది చేపల బాధ మాత్రమే కాదు. లక్షదీవుల బెస్తలు పెద్ద వలలు వేయరు. గాలపు కర్రలతో ఒక్కొక్క ట్యూనా చేపనే పడతారు. దానికి ఎర లాగూన్‌లో దొరికే చిన్న చేపలే. లాగూన్ పాడైతే దీవి వాసుల కంచంలో కూడు తగ్గుతుంది.

నీటి అడుగున ఏమున్నది?

ఇప్పుడు మోటారు ఆపి కిందికి చూడండి. ముందుగా నీటి రంగు. తెల్లటి వెలుగులో ఎరుపు భాగాన్ని నీరు పీల్చుకుంటుంది. మిగిలిన నీలం, ఆకుపచ్చ తెల్లటి ఇసుక మీద పడి తిరిగి పైకి వస్తాయి. అందుకే ఆ నెమలికంఠం రంగు. ఆ ఇసుకలో కొంత ఎవరు తయారు చేశారో తెలుసా? చిలుకచేపలు! పగడపు రాళ్లను ముక్కులాంటి పళ్లతో కొరికి, నాచు అరిగించుకుని, రాతిపొడిని విసర్జిస్తాయి.

అడుగు చేతికి అందేటంత దగ్గరగా కనిపిస్తే దిగేయకండి. వక్రీభవనం వల్ల 4 మీటర్ల లోతు 3 మీటర్లలాగే కనిపిస్తుంది.

అదిగో, పచ్చిక బయలు! అది నాచు కాదు. వేళ్లు, పువ్వులు ఉన్న అసలైన మొక్క, సముద్రపు గడ్డి. పచ్చ తాబేళ్లు దీన్ని ఆవుల్లా మేస్తాయి. పొరుగున ఉన్న అగత్తి లాగూన్‌లో ఒకప్పుడు తాబేళ్లు గుంపులుగా చేరి గడ్డిని గొరిగేశాయి. గడ్డిలో పెరిగే చేపలు తగ్గాయని బెస్తలు వాపోయారు. తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్న ప్రాణి. బెస్తవాడికీ బతుకు కావాలి. ప్రకృతిలో ప్రతి చిక్కుకూ సులువైన జవాబు ఉండదు.

తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. మన పలక చప్పుడు చేయదు గనుక అది మనల్ని గమనించకపోవచ్చు. రెక్కల చక్రం దాన్ని గాయపరచవచ్చు. పలక మునిగేది 3 సెంటీమీటర్లయినా మోటారు జానెడు కిందికి దిగి ఉంటుంది. లోతు తక్కువ చోట అది గడ్డిని వేళ్లతో పెకలిస్తుంది. కనుక అక్కడ మోటారు పైకెత్తి తెడ్డు వేయాలి. పులికాట్‌లో గెడ వేసి పడవ నడిపే పద్ధతి ఈ విషయంలో ఇంకా మేలు.

పగడాలు ఎందుకు తెల్లబడుతున్నాయి?

గోడ దగ్గరికి వచ్చాం. కొన్ని పగడాలు గోధుమ, పచ్చ రంగుల్లో ఉంటే, కొన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. పగడపు ఒంట్లో ఏకకణ శైవలాలు కాపురముంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియతో ఆహారం చేసి పగడానికి పెడతాయి. రంగు కూడా చాలావరకు వాటిదే. నీటి ఉష్ణోగ్రత మామూలు వేసవి గరిష్ఠం కన్న ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలను వెళ్లగొడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో చస్తుంది.

లక్షదీవుల్లో 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో ఇలా జరిగింది. అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల దగ్గర 1998 నుంచి 2022 దాకా గమనిస్తే బతికి ఉన్న పగడాల విస్తీర్ణం ఇంచుమించు సగానికి తగ్గింది.

పగడం పోతే గోడ బలహీనపడుతుంది. గోడ లేకపోతే అలలు నేరుగా దీవిని కొడతాయి. ఈ దీవులు సముద్రం కన్న ఒకటి రెండు మీటర్లే ఎత్తు. మొదట చెప్పిన ఆ ఒక్క దీవి గుర్తుందా? దాని పేరు పరలి-1. ఇదే బంగారం లాగూన్ అంచున ఉండేది. అలల కోతకు అది పూర్తిగా మాయమైపోయిందని 2017లో వెల్లడైంది. అక్కడ జనం లేరు గనుక ఎవరి ఇల్లూ పోలేదు. జనం ఉన్న దీవులు పది ఉన్నాయి.

మన చప్పుడు లేని పలక సముద్రపు వేడిని తగ్గించలేదు. ఆ వేడికి కారణం బొగ్గు, పెట్రోలు మండించగా గాలిలో చేరే కార్బన్ డై ఆక్సైడ్. మన బ్యాటరీలోకి ఎక్కిన కరెంటు బొగ్గుతోనో, డీజిలుతోనో పుట్టినదైతే ఆ పొగలో మనకూ భాగం ఉంటుంది. సూర్యరశ్మితో పుట్టినదైతే ఉండదు.

మీరే చేసి చూడండి

1. స్టీలు బకెట్టు నిండా నీరు పోయండి. మీ మిత్రుణ్ని నీటి లోపల రెండు గులకరాళ్లు టకటక కొట్టమనండి. బకెట్టుకు బయట చెవి ఆనించి వినండి. తరువాత అవే రాళ్లను గాలిలో అంతే దూరంలో కొట్టించి పోల్చండి.

2. గిన్నె అడుగున నాణెం పెట్టి, అంచు అడ్డువచ్చి నాణెం కనిపించనంత దూరం జరగండి. కదలకుండా ఉండి, ఎవరిచేతనైనా నీరు పోయించండి. నాణెం పైకి లేచి వచ్చినట్టు కనిపిస్తుంది!

3. ఒక లెక్క. మన 65 కిలోగ్రాముల పలకను కొల్లేటి మంచినీటిలో వేస్తే బంగారం లాగూన్‌లో కన్న ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువ మునుగుతుంది? జవాబు ఒక మిల్లీమీటరు కన్న తక్కువే వస్తుంది. ఎలా వచ్చిందో కాగితం మీద చేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.