ఒంటిని వణికించేది ఎవరు?

కురుపాం చుట్టూ ఉన్న సవర, జాతాపు గూడేల నుంచి చలిజ్వరంతో వచ్చేవాళ్ల వేలు గుచ్చి, స్లైడు మీద రక్తం పూసి, మైక్రోస్కోపు కింద చూడటం నా ఉద్యోగం. వానాకాలం వస్తే ఊపిరాడదు. రంగు వేసిన ఎర్రకణాల్లో మలేరియా పరాన్నజీవి కనబడుతుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని ఆ వణుకు మాత్రం మన ఒంటి సొంత ప్రోటీన్ల పని.

పరాన్నజీవి ఎర్రకణాన్ని పగలగొట్టుకుని బయటికి రాగానే మన తెల్లకణాలు టీఎన్ఎఫ్ వంటి ప్రోటీన్లను వదులుతాయి. శత్రువు వచ్చాడని ఊరంతా దండోరా వేయడం లాంటిదే ఇది. ఆ కబురు అందగానే మెదడు ఒంటి వేడి పెంచమంటుంది. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. ఇలా కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్లే సైటోకైన్లు.

రోగి రక్తంలో ఇవి ఎన్నో రకాలు కలగలిసి ఉంటాయి. అదీ పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు లెక్కన. ఏది ఏం చేస్తుందో తేల్చాలంటే ఒక్కోదాన్ని విడిగా, శుద్ధంగా తయారు చేసుకోవాలి. అందుకని మనిషి జన్యువును ఈ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత మన ప్రోటీన్ చేయిస్తారు. ఇదే రీకాంబినెంట్ సైటోకైన్. 143 అమైనో ఆమ్లాల ఇంటర్‌ఫెరాన్ గామాను ఇలాగే చేస్తారు. ఈ.కోలి గోడలోని విషపదార్థం పిసరంత మిగిలినా అదే తెల్లకణాలను రెచ్చగొడుతుంది, ఫలితం తప్పుతుంది. కాబట్టి శుద్ధి చేయడమే ఇందులో అసలైన శ్రమ.

ఈ శుద్ధత విలువ ఎంతటిదో కొత్తగూడెంలో పుట్టిన కన్నెగంటి తిరుమలాదేవి గారి పరిశోధన చూస్తే తెలుస్తుంది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, ఆమె అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధనశాలకు చేరారు. కోవిడ్‌లో సైటోకైన్ల ఉప్పెన ప్రాణాలెందుకు తీస్తోందని ఆమె బృందం ప్రశ్నించింది. ఇలా శుద్ధి చేసిన సైటోకైన్లను ఒక్కొక్కటిగా, తర్వాత కలిపి కణాలకు ఇచ్చి చూసింది. విడివిడిగా ఇస్తే పెద్దగా ఏమీ కాలేదు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా జంటగా చేరినప్పుడే కణాలు పెద్దఎత్తున చచ్చిపోయాయి. ఆ రెంటినీ యాంటీబాడీలతో అడ్డుకుంటే, కరోనా వైరస్ సోకిన ఎలుకలు చావు నుంచి తప్పించుకున్నాయి. 2021లో ‘సెల్’ పత్రికలో ఈ వివరాలు అచ్చయ్యాయి.

రక్షించాల్సిన కబుర్లే ఎప్పుడు ప్రాణం మీదికి తెస్తాయి? తీవ్ర మలేరియా విషయంలోనూ వేయాల్సిన ప్రశ్న ఇది. చలిజ్వరాన్ని ఇంట్లో చూస్తూ పెరిగిన మా మన్యం పిల్లల కంటే దీన్ని పట్టుదలగా అడిగేవాళ్లు ఎవరుంటారు? మా గురుకులాల్లో బైపీసీ చదివే ప్రతి ఆడపిల్లకూ మైక్రోస్కోపు అందుబాటులో ఉండాలి, తిరుమలాదేవి గారి పేరు పాఠంలో వినబడాలి. ఈ రెండూ చేయడం మన చేతిలో పనే.