సుగ్గి నెలలు కూడా చదువు లెక్కలోకే

1913లో డాక్టర్ అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో కొలంబియాకు పోయినారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల పిల్లలు మమ్మల్ని అడిగేది ఒకటే: "మాకెవరిస్తారన్నా?"

ఇంటర్ తర్వాత డిగ్రీకైతే జవాబుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి. విదేశీ విద్యార్థిని ఎంచేటప్పుడు ఇంటి ఆదాయం చూడవు. ఎంచినాక ఆ ఇల్లు మోయలేని ఖర్చు తామే మోస్తాయి. దరఖాస్తు రుసుము మాఫీ కూడా అడగొచ్చు. చాలా కాలేజీల్లో అట్ల గాదు, సాయం అడిగితే సీటొచ్చే అవకాశం తగ్గుతుంది. ఈ తేడా ముందే తెలవాల. ఈ నాలుగింట్లోనూ ఎంపికయ్యేది నూటికి అయిదుగురి లోపే.

అడ్డం ఇంకోటుంది. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతారు. చదువు కాక ఇంకేం చేసినావని అడుగుతారు. పట్నం పిల్లలు క్రికెట్టు, సంగీతం రాస్తారు. మన పిల్లలు సుగ్గికి పోయి గుంటూరు చేలల్లో మిరపకాయలు కోసినారు, తమ్ముళ్లను సాకినారు. అది రాయాలంటే సిగ్గుపడతారు. కానీ కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో కూలిపని, ఇంటి బాధ్యత రెండూ రాయదగినవే. బడి ఎందుకు తప్పిందో చెప్పుకునే చోటు కూడా ఉంది.

ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు ఇది చెప్పినోళ్లు లేరు. టీచర్లను మేము కోరేది ఇదే: సిఫారసు లేఖలో సుగ్గిని దాచొద్దు, రాయండి.