బోధనోపకరణాలతో బీజగణిత పరిచయం

బీజగణితంలోని తొలి భావనలైన చరరాశి, సమాసం, సమీకరణం మొదలైనవాటిని చేతితో పట్టుకుని కదపగల వస్తువుల ద్వారా పిల్లలకు పరిచయం చేసే బోధనా పద్ధతి ఇది. అగ్గిపుల్లలు, చింతపిక్కలు, త్రాసు, అట్టముక్కలు ఇందులో సాధారణంగా వాడే ఉపకరణాలు. వస్తువుతో చేసిన పనిని ముందు మాటల్లోకి, ఆ తరువాత అక్షరాల్లోకి మార్చడం ఈ పద్ధతి లక్ష్యం.

అవసరం

అంకగణితంలో ప్రతి లెక్కకూ తెలిసిన సంఖ్యలుంటాయి. బీజగణితంలో సంఖ్య స్థానంలో అక్షరం వస్తుంది. తెలుగు మాధ్యమ పుస్తకాల్లో కూడా ఈ అక్షరాలు రోమన్ లిపిలోనే ఉంటాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దమ్మపేట మండలం (2016 వరకు ఖమ్మం జిల్లాలో భాగం) వంటి అటవీ సరిహద్దు ప్రాంతాల్లో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఇంట్లో కోయభాష మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు నేర్చుకుంటారు. బీజగణితంతో వారికి మరొక సంకేత భాష ఎదురవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం కోయతో సహా ఎనిమిది భాషలను ప్రాథమిక తరగతుల్లోకి తెచ్చింది. బీజగణితం మాత్రం సాధారణంగా ఆ తరువాతి ఘట్టమైన ఆరవ తరగతిలో మొదలవుతుంది. పిల్లవాడు మొదట చేతులతో చేసి చూస్తే, దాన్ని ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది.

చరిత్ర

సా.శ. 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతం రచించిన బ్రహ్మగుప్తుడు తెలియని రాశులకు రంగుల పేర్లు వాడాడు. 1150లో రెండవ భాస్కరుడు బీజగణితం అనే గ్రంథంలో మొదటి అజ్ఞాతరాశిని యావత్తావత్తు (ఎంతో అంత) అనీ, తరువాతి వాటిని కాలక (నలుపు), నీలక (నీలం), పీతక (పసుపు) అనీ పేర్కొన్నాడు. వాటిని రాసేటప్పుడు యా, కా, నీ అని మొదటి అక్షరాలను వాడేవారు. నేటి తరగతుల్లో రంగు అట్టలతో అజ్ఞాతరాశులను చూపడం ఈ సంప్రదాయాన్ని గుర్తుకు తెస్తుంది.

ఆధునిక కాలంలో మారియా మాంటిసోరి ఎనిమిది చెక్క దిమ్మెలతో ద్విపద ఘనాన్ని రూపొందించింది. 1960వ దశకంలో జెరోమ్ బ్రూనర్, జోల్టాన్ డీన్స్ ఎనిమిదేళ్ళ పిల్లలకు చెక్కపలకల ద్వారా వర్గ సమాసాలను పరిచయం చేశారు. చేత, చిత్రం, సంకేతం అనే మూడు మెట్లను బ్రూనర్ ప్రతిపాదించాడు. చెన్నైకి చెందిన గణితోపాధ్యాయుడు పి.కె. శ్రీనివాసన్ (1924–2005) పారేసే వస్తువులతో గణితోపకరణాల తయారీని ప్రచారం చేశాడు. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సహాయంతో 1980వ దశకంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను బడుల్లోకి తెచ్చింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం బహుళ తరగతి బడుల కోసం కార్డులు, స్థానిక వస్తువులతో బోధనా సామగ్రిని రూపొందించింది. జాతీయ విద్యా ప్రణాళికా చట్రం (2005) తరువాత వెలువడిన ఆరవ తరగతి జాతీయ పాఠ్యపుస్తకంలో బీజగణితం అగ్గిపుల్లల అమరికలతోనే మొదలైంది.

ప్రధాన కృత్యాలు

అగ్గిపుల్లల అమరిక: ఒక చతురస్రానికి 4 పుల్లలు కావాలి. దాని పక్కనే మరొకటి కలిపితే 7, ఇంకొకటి కలిపితే 10 అవుతాయి. నూరు చతురస్రాలకు ఎన్ని అని అడిగితే పేర్చి లెక్కించడం కష్టం, నియమం కావాలి. ఒక పిల్ల "మొదట ఒక పుల్ల, ఆపై చతురస్రానికి మూడేసి" అంటే అది 3చ + 1. మరొకరు "మొదటిదానికి నాలుగు, మిగిలినవాటికి మూడేసి" అంటే అది 4 + 3(చ − 1). రెండూ ఒకే ఫలితమిస్తాయని పుల్లలే చూపుతాయి.

త్రాసు: ఒక పళ్ళెంలో సమాన సంఖ్యలో చింతపిక్కలు దాచిన రెండు అగ్గిపెట్టెలు, విడిగా 3 పిక్కలు పెడతారు. రెండో పళ్ళెంలో 11 పిక్కలు ఉంచుతారు. ఖాళీ పెట్టెల బరువు లెక్కను చెడగొట్టకుండా ఇటువైపు కూడా రెండు ఖాళీ పెట్టెలు ఉంచాలి. పిక్కలన్నీ ఇంచుమించు ఒకే బరువుండేలా ఏరుకోవాలి. రెండు వైపులా మూడేసి తీసి, మిగిలిన 8ని రెండు పెట్టెలకు పంచితే పెట్టెకు 4 వస్తాయి. సమాన గుర్తు అంటే "జవాబు రాయి" అని కాక, రెండు వైపులా ఒకే విలువ అని ఇక్కడ బోధపడుతుంది.

అరగదీసిన చింతపిక్కలు: అష్టాచెమ్మా ఆటకు వాడే పిక్కల తెల్లని వైపు +1గా, నల్లని వైపు −1గా అనుకుంటారు. ఒక తెలుపు, ఒక నలుపు కలిస్తే సున్న. త్రాసుతో చూపడం కష్టమైన ఋణసంఖ్యలను వీటితో చూపవచ్చు.

అట్టముక్కలు: పొ భుజంగా గల చతురస్రం, పొ పొడవు 1 వెడల్పు గల పట్టీ, 1 భుజంగా గల చిన్న చతురస్రం కత్తిరిస్తారు. ఒక పెద్ద చతురస్రం, మూడు పట్టీలు, రెండు చిన్న చతురస్రాలతో (పొ + 1), (పొ + 2) భుజాలుగా గల దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. పట్టీ పొడవు చిన్న చతురస్రాలతో సరిగ్గా కొలవడానికి వీలులేకుండా ఉండాలి. లేకపోతే పొ అంటే ఫలానా సంఖ్య అని పిల్లలు స్థిరపరచుకుంటారు.

పరిమితులు

అక్షరం వస్తువుకు పేరు కాదు, సంఖ్యకు గుర్తు. ఉపకరణాలను అజాగ్రత్తగా వాడితే ఈ తేడా చెరిగిపోతుంది. భద్రాచలం అడవుల్లో సేకరించే తునికాకును 50 ఆకుల కట్టలుగా కడతారు. ఆకుల సంఖ్య ఆ, కట్టల సంఖ్య క అయితే సరైన సూత్రం ఆ = 50క. కానీ "ఒక కట్టకు యాభై ఆకులు" అన్న వాక్యాన్ని వరుసగా రాసుకుంటూ పోయేవారు క = 50ఆ అని రాస్తారు. ఇటువంటి పొరపాటును అమెరికాలో ఇంజనీరింగు విద్యార్థులు సైతం చేస్తున్నట్లు 1980వ దశకపు పరిశోధనలు చూపాయి. 3 కట్టలు పెట్టి ఆకులు లెక్కించి, రెండు సూత్రాల్లోనూ ఆ సంఖ్యలను వేసి చూస్తే తప్పు ఏదో పిల్లలే గుర్తిస్తారు.

చరరాశి అంటే దాచిన ఒకే సంఖ్య అనే భావనను త్రాసు కలిగించవచ్చు. మారే రాశికి ఉదాహరణ కూడా అవసరం. దమ్మపేట ప్రాంతంలో విస్తారంగా సాగయ్యే ఆయిల్‌పామ్ గెలల టన్ను ధర స్థిరంగా ఉండదు. టన్ను ధర ధ అయితే 5 టన్నులకు వచ్చే సొమ్ము 5ధ. ధర మారినా ఈ సూత్రం మారదు.

ఉపకరణం లేకుండానే విద్యార్థి నియమాన్ని చెప్పి, రాసి, సంఖ్య వేసి సరిచూడగలిగినప్పుడు దానిని పక్కన పెట్టవచ్చు. తడబడితే మళ్ళీ పుల్లల వద్దకు, పిక్కల వద్దకు రావడం ఈ పద్ధతిలో భాగమే.